అర్హతల పేరా

“ఖాళీగా ఉన్న టీచర్ పోస్టులన్నీ మూడు నెలల్లో నింపేస్తాం. ఇది చరిత్ర!” అని విద్యామంత్రిగారు ప్రకటించారు. చప్పట్లు మారుమోగాయి. ఆ చరిత్రను టైపు చేసే భాగ్యం విద్యాశాఖలో సీనియర్ గుమాస్తానైన నాకు దక్కింది.

మా ఆఫీసులో నోటిఫికేషన్ ఎవరూ రాయరు. పాతది ఎదురుగా పెట్టుకుని, తేదీలూ పేర్లూ మార్చి దించేస్తాం. టీచర్ల పాత ఫైలు కనబడలేదు. రవాణాశాఖ వాళ్లది కనబడింది. ఇరవై ఏళ్ల అనుభవం నాది, కళ్లు మూసుకుని కొట్టగలను. పైవాళ్లు చెప్పిన డిగ్రీ ముక్క ఒకటి చేర్చి, అలాగే కొట్టాను.

మా చెల్లెలు పదకొండేళ్లుగా ఒక బడిలో టెంపరరీ టీచరు. వయసు మీరిపోతోంది, ఇదే ఆఖరి అవకాశం.

“అన్నయ్యా, డిగ్రీ అడిగారా, ట్రైనింగ్ అడిగారా?”

“డిగ్రీ. అయినా నీకు రెండూ ఉన్నాయిగా, బెంగెందుకు?” అన్నాను గొప్పగా.

ట్రైనింగ్ అయినవాళ్లు కోర్టుకెళ్లారు. స్టే. “అయితే ట్రైనింగ్ పెట్టవయ్యా” అన్నారు మంత్రిగారు. ఆ ముక్క మార్చాను. డిగ్రీవాళ్లు వెళ్లారు. మళ్లీ స్టే. “రెండూ పెట్టు” అన్నారు. ఈసారి ఇద్దరూ చేతులు కలిపి వెళ్లారు. ఉప్పూ నిప్పులా ఉన్నవాళ్లను ఒక్కటి చేసిన ఘనత మంత్రిగారిదే. చివరికి “ఏదో ఒకటి చాలు” అన్నాం. రెండూ ఉన్నవాళ్లకు ఒళ్లు మండి మూడో లాయర్ని పెట్టుకున్నారు.

“అసలు పాఠం చెప్పేవాళ్లకు ఏం వచ్చి ఉండాలంటారు?” అని జడ్జిగారు అడిగారు.

“దానికి వాయిదా కావాలండీ” అన్నాడు మా లాయరు.

ఏడాదిన్నరకు తీర్పు వచ్చింది. డిగ్రీ షరతు చెల్లదు. ట్రైనింగ్ షరతూ చెల్లదు. ఎవరూ సవాలు చేయని షరతులు మాత్రం చెల్లుతాయి, వాటి ప్రకారం నెలలోగా నియామకాలు జరపాలి.

ఆ మిగిలినవేమిటా అని నేను టైపు చేసినదాన్ని మొదటిసారి చదివాను. ఒక్కటే ఉంది. ‘భారీ వాహనాల లైసెన్సు, అయిదేళ్ల అనుభవం.’ మంత్రిగారి దగ్గరికి పరుగెత్తాను.

“సార్, పొరపాటు జరిగిపోయింది. నాదే సార్.”

“కోర్టు ఒప్పుకున్న ఒకే ఒక్క వాక్యం రాసి, పొరపాటంటావేమిటయ్యా!”

“పేపర్లవాళ్లు పట్టుకుంటే?”

“ఇంతమంది లాయర్లు ఏడాదిన్నర చూసి పట్టనిది వాళ్లేం పడతారు?”

నాకు ప్రశంసాపత్రం ఇచ్చారు. సిగ్గులేకుండా తీసుకున్నాను.

చెల్లెలి దరఖాస్తు మొదటి పరిశీలనలోనే పోయింది. ఆమె కుర్చీలోకి మంత్రిగారి పర్యటన బస్సు నడిపే డ్రైవరు వచ్చాడు. పాపం మంచివాడే. మొదటిరోజు సుద్దముక్క పట్టుకుని చెమటలు కక్కాడు. మూడోరోజుకల్లా మంత్రిగారి బస్సు నడిపేవాడు లేక, అతన్ని డిప్యుటేషన్ మీద వెనక్కి పిలిపించుకున్నారు. జిల్లా పత్రికలో ‘ఉపాధ్యాయుడికి అరుదైన గౌరవం’ అని ఫొటో వేశారు.

క్లాసు ఖాళీ అయింది. మళ్లీ చెల్లెల్నే టెంపరరీగా పెట్టమన్నారు. ఆర్డరు నేనే టైపు చేసి, నేనే బడికి తీసుకెళ్లాను. ముఖం చెల్లలేదు గానీ వెళ్లాను.

ఆమె ఆర్డరంతా మెల్లగా చదివింది. ‘అర్హతగల అభ్యర్థి దొరికేవరకు మాత్రమే’ అన్నచోట ఆగింది.

“ఇది రాసిన మహానుభావుడెవరు అన్నయ్యా?”

“నేనేనమ్మా.”

“నిన్ను ఆ ఉద్యోగంలోకి ఏ అర్హత చూసి తీసుకున్నారు?”

అబద్ధం చెప్పబుద్ధి కాలేదు.

“నన్నూ టెంపరరీగానే పెట్టారమ్మా. అర్హతలు అడగడం మరిచిపోయారు.”