కారణం రాయకూడని డైరీ

ఆ రోజు ఉదయం పెద్ద టీచరు పెట్టుకున్న పనులు మూడే. ఏడున్నరకు మాత్ర, ఎనిమిదింటికి కాళ్ళ వ్యాయామం, తొమ్మిదింటికి కిందికి దిగి పేపరు చదవడం. మూడోది వినడానికి చిన్న పనే గానీ, ఆ ఇంట్లో రెండు నెలలుగా జరుగుతున్న యుద్ధమంతా ఆ మెట్ల కోసమే. పద్దెనిమిది మెట్లు. వాటిపైన ఆమె గది. కిటికీ తెరిస్తే ఆమె ముప్ఫై ఏళ్ళు హెడ్‌మిస్ట్రెస్‌గా పనిచేసిన బడి కనబడుతుంది. కింద వెనక గదికీ ఒక కిటికీ ఉంది. అది తెరిస్తే పక్కింటి గోడ.

"ఆ మోకాళ్ళతో ఎక్కడం దిగడం ఏంటమ్మా? మంచం వెనక గదిలో వేయిస్తాను," అన్నాడు కొడుకు.

"మూడు నెలలు ఆగు. రెయిలింగు ముట్టుకోకుండా ఎక్కి చూపిస్తా. ఎక్కలేకపోతే నువ్వు పడుకోమన్న చోట పడుకుంటా. సరేనా?"

సరేనన్నాడు, ఎలాగూ ఎక్కలేదన్న ధైర్యంతో. ఆ పంతం కొద్దీ ఆమె వెళ్ళి, పెద్దాసుపత్రిలో మోకాళ్ళ నొప్పుల మాత్ర మీద జరుగుతున్న ప్రయోగంలో చేరింది. అందులో సగం మందికి అసలు మాత్ర ఇస్తారు, మిగతా సగానికి అచ్చం అలాగే ఉండే ఉత్త పిండి బిళ్ళ. ఎవరికి ఏది పడిందో ఇచ్చే డాక్టరుకు కూడా తెలియదు. ఆ గుట్టంతా సీలు వేసిన కవర్లలో ఉంటుంది. వ్యాయామం మాత్రం అందరికీ ఒకటే. "నాకు పడింది అసలుదే. నా మోకాలికి తెలియదూ?" అని పెద్ద టీచరు మొదటి వారంలోనే తేల్చి పారేసింది.

ప్రయోగం వ్యవహారాలు చూసే కోఆర్డినేటరమ్మాయి చేరిన రోజే ఆమె చేతికి ఒక డైరీ ఇచ్చింది. "ఒంట్లో ఏ తేడా వచ్చినా ఇందులో రాయండి టీచర్‌గారూ. రోజూ పేజీ ఫోటో తీసి నాకు పంపండి. ఏం జరిగిందో రాస్తే చాలు. ఎందుకు జరిగిందో మీరు రాయకూడదు, కారణం తేల్చడం డాక్టరుగారి పని." పేజీ చివర డాక్టరు కోసం మూడు గడులున్నాయి: 'మాత్రకు సంబంధం లేదు', 'ఉండవచ్చు', 'కచ్చితంగా మాత్ర వల్లే'.

పాపం, ఆ అమ్మాయి ఆ మాట ఎవరితో అంటోందో చూసుకోలేదు. తరగతిలో మార్జిను గీయని పిల్లవాణ్ణి బయట నిలబెట్టిన మనిషితో అంటోంది! రూలంటే రూలే. కాబట్టి పెద్ద టీచరు "వరసగా తొమ్మిది తుమ్ములు" అని రాసింది గానీ, కోడలు బీరువా మీద దుమ్ము దులిపిందని రాయలేదు. "కళ్ళ వెంట ధారగా నీళ్ళు" అని రాసింది గానీ, ఉల్లిపాయలు తరిగానని రాయలేదు. డాక్టరు బుర్ర గోక్కుంటూ 'ఉండవచ్చు' దగ్గర టిక్కులు పెట్టుకుంటూ పోయాడు.

ఇక ఆ ఉదయం సంగతి. మాత్ర అయింది, వ్యాయామం అయింది, కిందికి దిగి చూస్తే బల్ల మీద పేపరుంది గానీ కళ్ళజోడు లేదు. ఉన్నది కోడలి కళ్ళజోడు. అత్తాకోడళ్ళిద్దరూ ఒకే కొట్లో ఒకే ఫ్రేము కొన్నారు మరి. పన్నెండింటికి కోడలు కణతలు నొక్కుకుంటూ ఆఫీసు నుంచి ఊడిపడింది.

"అయ్యో అత్తయ్యా, పొద్దున మీది పెట్టుకుపోయాను! కంప్యూటరు ముందు కూర్చుంటే తల గిర్రున తిరిగిపోయిందనుకోండి!"

"తిరక్కేం చేస్తుంది? నాకిక్కడ హెడ్డింగులు కూడా ఆనలేదు," అంది పెద్ద టీచరు.

మధ్యాహ్నం, కాలు విరిగి పక్క ఊరి ఆసుపత్రిలో ఉన్న తన పాత బడి డ్రాయింగు టీచర్ని చూడటానికి వెళ్ళింది. ఇద్దరూ పాత ఇన్‌స్పెక్టర్ని తిట్టుకుంటూ కూర్చుంటే, "టైమైపోయింది, ఇంక ఇంటికెళ్ళండమ్మా," అని నర్సు తరిమేసింది. ఆ రాత్రి డైరీలో పడిన వాక్యాలివి: "ఉదయం మూడు గంటలు కళ్ళు సరిగా కనబడలేదు. మధ్యాహ్నం ఆసుపత్రిలో ఉన్నాను. సాయంత్రం నర్సు ఇంటికి పంపేసింది." ఒక్క అబద్ధం లేదు, ఒక్క అక్షరదోషం లేదు. ఫోటో పంపించి, ఫోను కింద హాల్లో చార్జింగుకు పెట్టి, పైకెళ్ళి హాయిగా నిద్రపోయింది.

తెల్లారాక కోఆర్డినేటరమ్మాయి ఆ ఫోటో చూసి కుర్చీలోంచి లేచి నిలబడింది. ఫోను చేసింది. పదకొండుసార్లు చేసింది. పెద్ద టీచరు పైన కాళ్ళు చాచి వ్యాయామం లెక్కపెట్టుకుంటోంది. ఆ అమ్మాయి పరుగున డాక్టరు దగ్గరికెళ్ళింది. ప్రయోగంలో ఉన్న మనిషికి చూపు పోయి ఆసుపత్రిలో పడితే మాటలా? ప్రయోగం జరుగుతున్న తొమ్మిది ఊళ్ళలోనూ మాత్రలివ్వడం ఆపించారు. పెద్ద టీచరు కవరు సీలు విప్పారు. తర్వాత కొడుకు ఆఫీసుకు ఫోను చేశారు.

కొడుకు రొప్పుకుంటూ వచ్చేసరికి ఆమె హాల్లో పేపరు చదువుతోంది.

"అమ్మా! నీకు చూపు పోయిందటగా!"

"ఎవడ్రా కూసింది? నువ్వు చొక్కా గుండీలు ఎగుడుదిగుడుగా పెట్టుకున్నావు. అదీ కనబడుతోంది."

అంతలో అంబులెన్సు వచ్చింది. డాక్టరు, కోఆర్డినేటరమ్మాయి, స్ట్రెచరుతో ఇద్దరు మనుషులు, వాళ్ళ వెనక వీధి వీధంతా దిగబడ్డారు. డాక్టరు ఆమె కళ్ళలోకి టార్చి కొడుతుండగా, కొడుక్కి మంచి ఆలోచన వచ్చింది. "ఎలాగూ మోయడానికే వచ్చారుగా, కాస్త పైనున్న మంచం దింపి వెనక గదిలో పెట్టండి," అని స్ట్రెచరు మనుషుల్ని పైకి తోలాడు. మంచం దిగుతుంటే పెద్ద టీచరుకు ఒళ్ళు మండిపోయింది.

"ఎవరి చూపూ పోలేదు! నా కళ్ళజోడు మా కోడలు పెట్టుకుపోయింది. ఆసుపత్రికి వెళ్ళింది కాలు విరిగినావిణ్ణి చూడ్డానికి!"

"మరి ఆ ముక్క రాయలేదేమండీ?" అన్నాడు డాక్టరు, నీరసంగా.

"కారణం రాయకూడదన్నారుగా!"

డాక్టరు కోఆర్డినేటరమ్మాయి వైపు చూశాడు. ఆ అమ్మాయి నేల చూపులు చూసింది.

"ఇక్కడిదాకా రాకుండా ఉండాల్సింది టీచర్‌గారూ. మీ కవరు తెరిచేశాం. ఇక మీరు ప్రయోగంలో ఉండటానికి వీల్లేదు," అని డాక్టరు కాస్త నీళ్ళు నమిలాడు. "అయినా మీకు పెద్ద నష్టం లేదులెండి. మీరు వేసుకున్నవి ఉత్త పిండి బిళ్ళలు."

కొడుకు వెంటనే అందుకున్నాడు. "చూశావా అమ్మా? మందే కాదట. ఇంక ఆ మెట్ల జోలికెళ్ళకు. వెనక గదిలో ఫ్యాను కూడా..."

పెద్ద టీచరు లేచింది. రెండు నెలలు పిండి బిళ్ళలు మింగిందా? టైము చూసుకుని, నీళ్ళు కొలుచుకుని మరీ మింగిందా? చీర కుచ్చెళ్ళు ఒక చేత్తో ఎత్తిపట్టి, రెండో చెయ్యి నడుం మీద పెట్టుకుని మెట్లెక్కింది. ఐదో మెట్టు దగ్గర "అమ్మా, రెయిలింగు!" అని కొడుకు అరిచాడు. "నువ్వే పట్టుకో!" అంది వెనక్కి తిరక్కుండా. పదో మెట్టు దగ్గర వీధి జనం లెక్కపెట్టడం మొదలుపెట్టారు. పద్దెనిమిదీ ఎక్కింది. గదిలోంచి డైరీ, పెన్ను తీసుకుని పద్దెనిమిదీ దిగింది. ఆయాసపడింది గానీ ఆగలేదు.

"మందు లేకుండానే ఎక్కాను. చూశావుగా? ఇంక నీ వెనక గదిలో నువ్వు పడుకో," అంది కొడుకుతో.

కొడుకు స్ట్రెచరు మనుషులకు సైగ చేసి, మంచానికి ఒక కోడు తనే పట్టుకున్నాడు. ఆమె కూర్చుని ఆ రోజు పేజీలో మార్జిను గీసి, "పట్టలేని కోపం" అని రాసి, డైరీ డాక్టరు ముందు పెట్టింది.

"ఇదిగో. కారణం నేను రాయకూడదు. అది మీ పని."

డాక్టరు పెన్ను పట్టుకుని మూడు గడుల వైపూ చాలాసేపు చూశాడు. పైకెక్కుతున్న మంచం వైపు ఒకసారి, పెద్ద టీచరు మొహం వైపు ఒకసారి చూసి, టిక్కు పెట్టి సంతకం చేశాడు.

తొమ్మిది ఊళ్ళలో నాలుగు వందల మంది మీద జరిగిన ఆ ప్రయోగంలో 'కచ్చితంగా మాత్ర వల్లే' అన్న గడికి దక్కిన టిక్కు అదొక్కటే, అదీ పిండి బిళ్ళకు.