పన్ను తీస్తామన్న ప్రోగ్రాము

ఆ రోజు క్లినిక్ తెరిచేలోపు తన చేత్తో ఒక ప్రోగ్రాము తయారుచేసి తీరాలని పళ్ల డాక్టరమ్మ పంతం పట్టింది. రమ్మన్న రోజు మరిచిపోయే రోగులకు గుర్తుచేసే మెసేజీ దానంతటదే వెళ్లాలి, అంతే. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే మొగుణ్ని అడిగీ అడిగీ ఆవిడకు విసుగొచ్చింది.

"నీ వల్ల అయ్యే పని కాదోయ్. కోడ్ రాయాలి," అన్నాడాయన బూట్లు వేసుకుంటూ.

"అక్కర్లేదట. రంగురంగుల డబ్బాలు ఒకదానికొకటి అతికిస్తే చాలట. దవడ ఎముకలో స్క్రూ బిగించేదాన్ని, డబ్బాలు అతికించలేనా?"

అతికించింది. మెసేజీ ఎవరికి వెళ్లాలో చెప్పే డబ్బా, ఏమని వెళ్లాలో చెప్పే డబ్బా, మళ్లీ ఎప్పుడు పంపాలో చెప్పే డబ్బా. ఫోన్‌లో నంబర్లు వాడుకోవచ్చా అని అది అడిగితే, మర్యాదగా అడిగింది కదా అని సరేనంది. మీట నొక్కి, చేతులు కడుక్కుని, మొదటి రోగి నోట్లో అద్దం పెట్టింది.

ఆ రోగి లేచేసరికి ఫోన్ బల్ల మీద గిలగిల కొట్టుకుంటోంది. "ఈ సాయంత్రం మీ పన్ను తీస్తాం. తప్పక రండి" అన్న కబురు అందులో నంబరున్న ప్రతి ప్రాణికీ చేరింది.

ముందు అపార్ట్‌మెంట్ సెక్రటరీ ఫోన్ చేశాడు. "డాక్టరమ్మా, నావి కట్టుడు పళ్లు! ఇంకేం తీస్తారు?"

"పొరపాటండీ. జవాబివ్వకుండా వదిలేయండి."

"వద్దు వద్దని రాస్తూనే ఉన్నా. రాసినకొద్దీ మళ్లీ వస్తోంది!"

ఆ వెంటనే ఆడపడుచు. "పళ్లు రాలగొడతానని బెదిరిస్తున్నావా వదినా?"

ఇంతలో మొగుడు ఆఫీసు నుంచి రొప్పుతూ వచ్చిపడ్డాడు. "మా బాసుక్కూడా వెళ్లిందే! లే, నేను ఆపుతా. కోడ్ ఎక్కడ?"

"కోడ్ లేదండీ, డబ్బాలే."

ఆయన ఒక్కో డబ్బా తెరిచాడు, మూశాడు, చెమట తుడుచుకున్నాడు. "లోపలేముందో చూపించకపోతే ఎలా చచ్చేది?" అంటూ ఒకదాన్ని లాగాడు. మెసేజీలు రెండేసి వెళ్లడం మొదలైంది.

"మీరు లేవండి," అంది డాక్టరమ్మ.

నొప్పి ఎక్కడుందో తెలియని నోట్లో ఒక్కో పన్నూ తట్టి చూసినట్టు, ఒక్కో డబ్బాలోని మాటా నింపాదిగా చదివింది. "రోగులకు" ఉండాల్సిన చోట "అందరికీ" ఉంది. మార్చింది. "జవాబు రాకపోతే మళ్లీ పంపు" అనాల్సింది "వస్తే" అని పడింది. అదీ మార్చింది. మొగుడు లాగిన డబ్బాను తిరిగి అతికించింది. ఫోన్ చల్లబడింది. ఆయన గ్లాసెడు మంచినీళ్లు గటగటా తాగాడు.

ఇక క్షమాపణలు మొదలుపెడదామనుకుంటుండగా అత్తగారు బుగ్గకు చెంగు అదిమిపట్టుకుని లోపలికొచ్చింది.

"అత్తయ్యా, ఆ మెసేజీ పొరపాటున..."

"పొరపాటేంటమ్మా! ఈ పన్ను ఎన్నాళ్లుగానో ప్రాణం తోడేస్తోంది. పీకేస్తావని భయపడి నోరు మెదపలేదు. నీకెలా తెలిసిందే?"

డాక్టరమ్మ అత్తగారి నోట్లో దీపం వేసి చూసింది. పన్ను పూర్తిగా పుచ్చిపోయి ఉంది. ఇన్నాళ్లూ ఒకే ఇంట్లో తిరుగుతూ తను గమనించనందుకు మనసు చివుక్కుమంది.

"అమ్మా, అసలు జరిగిందేంటంటే..." అన్నాడు మొగుడు.

"మీరు ఆ దూది అందుకోండి," అంటూ ఆవిడ మత్తు సూది తీసింది.

మర్నాడు పొద్దున్న క్లినిక్ బెంచీ మీద అత్తగారి స్నేహితురాళ్లు ఒకరినొకరు తోసుకుంటూ కూర్చున్నారు. వాళ్లందరిదీ ఒకటే ఫిర్యాదు: తమకెవరికీ మెసేజీ రాలేదట.