రెండు బ్లాకుల పరీక్ష

నేను ఆలస్యంగా చదువు నేర్చినదాన్ని. అక్షరాల్లో తప్పులుంటే మన్నించండి. ఈ కాస్త రాయడానికే నాలుగు ఆదివారాలు పట్టింది.

ఆ శనివారం పదకొండుకల్లా వంటలు ముగించి, తల దువ్వుకుని పరీక్షకు పోవాలని చెన్నమ్మ అనుకుంది. కొత్తగూడలోని ఆ అపార్టుమెంట్లలో పనిచేసేవాళ్లకు రసజ్ఞ మూడు నెలలుగా చదువు చెబుతోంది. అది ఆమె పీహెచ్‌డీ పరిశోధన. 'ఏ' బ్లాకు పనివాళ్లకు పుస్తకంతోపాటు ఫోన్‌లో వాయిస్ పాఠాలు. బి బ్లాకువాళ్లకు పుస్తకం ఒక్కటే. ఎవరికి ముందుగా చదువు వస్తుందో తేల్చాలి.

చెన్నమ్మది 'ఏ' బ్లాకు. ఆమె వెళ్లేసరికి రసజ్ఞ క్లబ్‌హౌస్ మెట్ల మీద దిగులుగా కూర్చుని ఉంది.

"ఏం పాపా, మొగం అట్ల ఏలాడేసినావు?"

"మొన్న నమూనా పరీక్షలో రెండు బ్లాకులకీ ఒకే మార్కులొచ్చాయక్కా. ఎలాగో అర్థం కావట్లేదు. ఇవాళ మా గైడ్ సార్ వస్తున్నారు. మళ్లీ ఇదే వస్తే నా మూడేళ్ల పని బూడిదే."

చెన్నమ్మకు కారణం తెలిసిపోయింది. బి బ్లాకులో పిల్లల్ని చూసుకునే కనకలక్ష్మికి, సర్వీసు లిఫ్టు దగ్గర అన్నం డబ్బా విప్పినప్పుడల్లా, ఆ పాఠాలు వినిపించింది తానే. కూర పెట్టి పాఠం దాచుకోవడం ఆమెకు చేతకాలేదు.

వెంటనే పోయి కనకలక్ష్మిని పట్టుకుంది. "ఈ పొద్దు ఏమీ రాయొద్దు. మీ బ్లాకోళ్లందరికీ చెప్పు."

"నేర్పిందీ మీరే, రాయొద్దంటోందీ మీరేనా? ఆ పెద్దాయన ముందు నేను మొద్దునని చాటుకోవాలేంటండీ?"

"పాప చదువు నిలబడాలంటే అంతే లక్ష్మీ."

కనకలక్ష్మి కళ్లు తుడుచుకుని ఒప్పుకుంది. బి బ్లాకంతా తిరిగింది. ఇద్దరు దొరకకపోతే, ఆ మాట వాళ్లకు అందించమని ఏ బ్లాకు వాచ్‌మన్ పెద్దన్నకు చెప్పింది. ఆయన వాళ్లకు చెప్పి, దాన్ని పాఠాల గ్రూపులో కూడా పెట్టేశాడు. ఆ గ్రూపు ఏ బ్లాకుది. బి బ్లాకుకు గ్రూపే లేదు, లేకపోవడమే పరిశోధన.

పరీక్షలో చెన్నమ్మ తలెత్తి చూస్తే, తన బ్లాకువాళ్లు కూడా చేతులు కట్టుకుని భక్తిగా కూర్చున్నారు. ఫికర్ పడొద్దన్నట్టు పెద్దన్న తలూపాడు. ఆమెకు విషయం అర్థమైంది. ప్రశ్నలు వదిలేసి కాగితం వెనక్కి తిప్పింది.

గైడ్ పార్థసారథిగారు ఇరవై మూడు తెల్లకాగితాలు తిరగేశారు. "మూడు నెలల్లో ఒక్కరికీ ఒక్క ముక్కా రాలేదా?" ఇరవై నాలుగోదాన్ని ఆయన పైకే చదివారు.

"సారు, తప్పు నాది. ఫోను పాటాలు కనకలక్ష్మికి నేనే వినిపించినాను. రాయొద్దని చెప్పింది నేనే. అందరికీ చదువు వచ్చు. పాపను ఏమీ అనొద్దు."

ఆయన కళ్లజోడు తీశారు. "ఇంకా ఎవరైనా బి బ్లాకుకు నేర్పారా?"

ఏ బ్లాకులో చేతులు ఒక్కొక్కటే లేచాయి. పెద్దన్న రెండు చేతులూ ఎత్తాడు. "నేను ఇద్దరికి పాఠం చెప్పినా సారూ."

సార్ రసజ్ఞ వైపు తిరిగారు. "అమ్మాయ్, ఫోన్ సంగతి వదిలెయ్యి. వీళ్లు ఒకరికొకరు ఎలా నేర్పుకున్నారో ఆ లిఫ్టు దగ్గరే కూర్చుని రాయి."

"ఎన్నాళ్లు పడుతుంది సార్?"

"ఇంకో ఏడాది."

రసజ్ఞ ఏడుస్తూనే సరేనంది.

ఉత్తరం రాయమని ప్రశ్నపత్రంలో లేదు గనుక, ఆనాటి పట్టికలో చెన్నమ్మకు కూడా సున్నాయే వేశారు.

సుంకులమ్మ, అరవై నాలుగేళ్లు, అప్పుడు బి బ్లాకులో పని, ఇప్పుడు ఉండేది నిజాంపేట.