కత్తెరమ్మ రిజిస్టరు

ఆ రోజుకు కత్తెరమ్మ వేసుకున్న పథకం చాలా చిన్నది. నాలుగింటికల్లా పని ముగించుకుని, కళ్లజోళ్ల దుకాణానికి వెళ్లి, కొత్త జోడు తెచ్చుకోవాలి. పాతదానికి చెవి మీద ఆనే ఒక పక్క విరిగిపోయి వారమైంది. దాన్ని దారంతో చెవికి కట్టుకుని ఆఫీసుకు వస్తుంటే, గేటు దగ్గర కాపలా మనిషి నుంచి అందరూ జాలిపడటం ఆవిడకు బొత్తిగా నచ్చలేదు.

ఆవిడ ఉద్యోగం 'కబుర్లు' అనే యాప్‌లో. నలభై లక్షల మంది పొద్దున్న లేచింది మొదలు అందులో ఊసులాడుకుంటారు, పోట్లాడుకుంటారు. ఫలానా పోస్టు తీసేయండని వచ్చే ఫిర్యాదులన్నీ తిరిగి తిరిగి ఆవిడ బల్ల మీదికే చేరతాయి. ఆ బల్ల మీద కంప్యూటరు పక్కన ఒక లావుపాటి రిజిస్టరు ఉంటుంది. అందులో నాలుగు గడులు: తేదీ, పోస్టు, తీయమన్నవారు, కారణం. నాలుగో గడి నిండనిదే ఆవిడ చెయ్యి కదలదు. పదకొండేళ్లలో ఆ గడి ఒక్కసారి కూడా ఖాళీగా లేదు. ఈ మాట చెప్పేటప్పుడు ఆవిడ మెడ కాస్త నిటారుగా లేస్తుంది. లేవనివ్వండి, ఆ గర్వం ఆవిడ కష్టార్జితం.

కట్టుకున్న మొగుడి పోస్టునే ఒకసారి తీసేసింది. కారణం గడిలో "కుక్క విషయమై పొరుగాయన కాళ్లు విరగ్గొడతానని బెదిరించుట" అని రాసింది. ఆయన రెండు రోజులు ఇంట్లో భోజనం చేశాడు గానీ మాట్లాడలేదు. మరోసారి ఎవడో ఆకతాయి ఆవిడకే 'కత్తెరమ్మ' అని పేరు పెట్టి పోస్టు రాశాడు. తీసిపారేయమని ఆఫీసంతా గొడవ చేసింది. ఆవిడ నిబంధనలు మూడుసార్లు చదివి, "పేరు పెట్టకూడదని ఎక్కడా లేదు" అని వదిలేసింది. పోస్టూ ఉండిపోయింది, పేరూ ఉండిపోయింది.

మూడు నెలల క్రితం ఆ యాప్‌ను పరుపులాయన కొన్నాడు. పరుపులమ్మి కోట్లకు పడగలెత్తిన మనిషి. కొన్న రోజునే అందరి ఫోన్లకూ ఒక ప్రకటన పంపాడు: "ఇక్కడ ఎవరి నోరూ నొక్కం. నన్ను తిట్టినా సరే!" కత్తెరమ్మ మురిసిపోయి, దాన్ని పెద్ద అక్షరాల్లో అచ్చు తీసి తన బల్ల ఎదురుగా గోడకు అంటించుకుంది.

ఆ ఉదయం పదింటికి పరుపులాయన స్వయంగా ఆవిడ బల్ల దగ్గరికి వచ్చాడు. ఒక చేత్తో నడుం పట్టుకున్నాడు, రెండో చేతిలో ఫోను. అందులో ఒక బస్సు డ్రైవరు రాసిన పోస్టు ఉంది.

"మూడు నెలల కింద కొన్న పరుపు నడిమధ్యలో గుంట పడింది. ఆ చివర నేనూ ఈ చివర మా ఆవిడా పడుకుంటే, తెల్లారేసరికి ఇద్దరం గుంటలో ఉంటున్నాం. రోజంతా బస్సు నడపాల్సిన నడుం ఇది. కంపెనీవాళ్లు ఫోనెత్తడం లేదు. ఎవరైనా వినండి."

"ఇది తీసెయ్యమ్మా," అన్నాడు పరుపులాయన.

కత్తెరమ్మ రిజిస్టరు తెరిచి కలం పట్టుకుంది. "కారణం సార్?"

"కారణమేంటి? నేను చెప్తున్నాగా!"

"అది మూడో గడి సార్, రాసేశాను. నేనడిగేది నాలుగోది."

పక్క బల్ల దగ్గరున్న ఇంజినీరు కుర్రాడు వస్తున్న నవ్వును దగ్గులోకి మార్చుకున్నాడు.

"అబద్ధమని రాయి."

"ఆ పరుపు మనవాళ్లెవరైనా వెళ్లి చూశారా సార్?"

పరుపులాయన జవాబు కోసం గోడకేసి చూశాడు. అక్కడ తన మాటే పెద్ద అక్షరాల్లో కనిపించింది. గొంతు కాస్త తగ్గించాడు. "తిట్టొద్దనట్లేదమ్మా. తిట్టుకోనీ. ఎవరికీ కనపడకుండా తిట్టుకోనీ. మాట్లాడే స్వేచ్ఛ అతనిది, వినపడకుండా చేసే స్వేచ్ఛ నాది. యాప్ నాదే కదా?"

"కనపడకుండా చెయ్యాలన్నా కారణం రాయాలి సార్."

పరుపులాయన మొహం కందగడ్డయింది. "నాలుగింటిదాకా టైమిస్తున్నా. అప్పటికి ఆ పోస్టుంటే నువ్వుండవు!"

కత్తెరమ్మకు పిల్ల చదువు, ఇంటి అద్దె, అన్నీ ఒక్కసారి కళ్ల ముందు తిరిగాయి. అయినా కలం మూత పెట్టేసింది. ఖాళీ గడితో పోస్టు తీయడం కన్నా ఉద్యోగం పోయి, కొత్త కళ్లజోడు లేకుండా ఇంటికి వెళ్లడమే నయమనుకుంది.

పరుపులాయన కోపం అక్కడితో ఆగలేదు. ఇంజినీరు వైపు తిరిగాడు. "చూడవయ్యా, ఇకనుంచి నేనేం రాసినా అందరి ఫోన్లలో ముందు అదే కనపడాలి. గంట మోగాలి. రేపు సాయంత్రం దాకా ఎవరూ దాన్ని తీయడానికి వీల్లేకుండా తాళం వెయ్యి. ఇక్కడి కత్తెరలు నా మాట మీద పడకూడదు."

"అప్పుడు మీరు కూడా తీయలేరు సార్. పర్వాలేదా?"

"నా మాట నేనెందుకు తీసుకుంటాను?"

మధ్యాహ్నానికల్లా అంతా సిద్ధమైంది. పరుపులాయన తన గదిలో కూర్చుని మొదటి పోస్టు వదిలాడు: "మా పరుపు మీద పడుకున్నవాడు ఓ పట్టాన లేవడు." నలభై లక్షల ఫోన్లలో గంట మోగింది.

బస్సు డ్రైవరు దాని కిందే జవాబిచ్చాడు: "నిజమే సార్, లేవలేకపోతున్నాను."

అంతవరకు ఆ డ్రైవరు గోడు విన్నది వందమంది. ఇప్పుడు అందరూ విన్నారు. "మా ఇంట్లోనూ గుంటే" అని ఒకరు, "మాది గుంట కాదు, నుయ్యి" అని ఒకరు మొదలుపెట్టారు. పరుపులాయన తల పట్టుకుని ఏం రాయాలా అని ఆలోచిస్తుండగానే మళ్లీ గంట మోగింది. ఆయన పేరు మీదే ఇంకో పోస్టు!

"నాన్నా, క్యారేజీ మర్చిపోయావు. నడుం బెల్టు కూడా మంచం మీదే వదిలేశావు. అది లేకుండా ఎట్లా కూర్చుంటావురా?"

పరుపులాయన గావుకేక పెట్టాడు. పోయిన వారం తన పాత ఫోను అమ్మకిచ్చాడు. ఇచ్చేముందు అందులోంచి తన ఖాతా తీయడం మర్చిపోయాడు. అందులో ఏం రాసినా కొడుకు ఒక్కడికే వెళ్తుందని ఆవిడ అనుకుంటోంది. గబగబా ఫోన్ చేశాడు. రాస్తూ ఉంటే మధ్యలో ఈ మోతేమిటని ఆవిడ ఫోను కట్ చేసింది. ఉన్నపళాన ఆవిడ చేతిలోంచి ఆ ఫోను లాక్కురమ్మని ఇంటికి కారు పంపాడు. కారు ఇల్లు చేరేలోగా మూడోసారి గంట మోగింది. ఈసారి పెద్దావిడ, తెర మీద కనపడ్డ డ్రైవరు మాటలు చదివి, అతనొక్కడికే వెళ్తుందనుకుని అతనికే జవాబు రాసింది.

"బాబూ, నువ్వు చెప్పింది అక్షరాలా నిజం. ఆ పరుపు మీద నేను రెండు రోజులే పడుకోగలిగాను. తర్వాత నేల మీద చాపే సుఖంగా ఉంది. మావాడు మొండివాడు, దాని మీదే పడుకుని పొద్దున్నే బెల్టు కట్టుకుంటాడు. చెప్తే వినడు. నువ్వు వేణ్నీళ్లతో కాపడం పెట్టుకో నాయనా."

పరుపులాయన కాలుగాలిన పిల్లిలా కత్తెరమ్మ దగ్గరికి పరిగెత్తుకొచ్చాడు. నాలుగు కావడానికి పది నిమిషాలుంది.

"తీసెయ్! ముందు ఇది తీసెయ్!"

కత్తెరమ్మ రిజిస్టరు తెరిచింది. "కారణం సార్?"

"అబద్ధమని..." అని నాలుక కరుచుకున్నాడు.

"మీ అమ్మగారు అబద్ధమాడారని రాయమంటారా సార్?"

పరుపులాయన ఇంజినీరు వైపు తిరిగాడు. ఇంజినీరు మెల్లగా అన్నాడు: "రాసినా లాభం లేదు సార్. రేపు సాయంత్రం దాకా తాళం పడింది. మీరే వేయించారు."

అప్పుడే తలుపు తెరుచుకుంది. పంపిన కారు ఫోనుతో పాటు మనిషిని కూడా తెచ్చింది. పెద్దావిడ ఒక చేత్తో క్యారేజీ, ఒక చేత్తో బెల్టు పట్టుకుని లోపలికి వచ్చింది.

"అమ్మా, నువ్వేం చేశావో తెలుసా? నువ్వు రాసింది నలభై లక్షల మంది చదివారు!"

పెద్దావిడ క్యారేజీ బల్ల మీద పెట్టింది. తర్వాత తాపీగా కుర్చీలో కూర్చుంది. "నలభై లక్షల మందా? ఇంట్లో మూడేళ్లుగా చెప్తుంటే ఒక్కడూ వినలేదురా."

ఆవిడ చూపు గోడ మీద పడింది. "నన్ను తిట్టినా సరే" అని పైకే చదివింది. "ఇది మావాడన్న మాటేనా అమ్మాయ్?"

"అవునండీ. యాప్ కొన్న రోజు అందరికీ మాటిచ్చారు," అంది కత్తెరమ్మ.

పెద్దావిడ కళ్లు చెమర్చాయి. "చూశావా! చిన్నప్పట్నించీ అంతే. పంతం ఎక్కువే గానీ, ఇచ్చిన మాట మాత్రం తప్పడు." ఆ గొంతులో పొంగిన గర్వం చూసి ఆఫీసంతా లేచి నిలబడింది. ఇంజినీరు తన ఫోను చూపించాడు. "సార్, జనం మెచ్చుకుంటున్నారు. తన సరుకు బాగాలేదని తన పేరు మీదే అమ్మ చేత చెప్పించిన యజమానిని ఎక్కడా చూడలేదంటున్నారు."

పరుపులాయన ఫోను వైపు చూశాడు, అమ్మ వైపు చూశాడు, గోడ వైపు చూశాడు. తప్పించుకోవడానికి నాలుగో వైపు లేదు. బెల్టు తీసుకుని కట్టుకున్నాడు.

"ఆ డ్రైవరుకి కొత్త పరుపు పంపండి," అన్నాడు.

"ఏదీ, ఆ గుంటపడేదేనా?" అంది తల్లి. "ముందు సరైంది చెయ్యి. నేను పడుకుని చూశాక పంపిద్దాం."

"అలాగేనమ్మా." తర్వాత కత్తెరమ్మ వైపు తిరిగి, చూపు కలపకుండానే అన్నాడు: "ఆ పోస్టుండనీ. నువ్వూ ఉండు. రేపట్నించి నా పోస్టులు కూడా అందరివాటిలాగే రావాలి. ఆ గంట పీకెయ్యమను."

కత్తెరమ్మ మెడ నిటారుగా లేచింది. దాంతో చెవికి కట్టిన దారం తెగి కళ్లజోడు ముక్కు మీదికి జారింది. పెద్దావిడ దగ్గరికి పిలిచి, ఆ దారాన్ని తన చేత్తో మళ్లీ ముడి వేసింది. ఈసారి ఎవరూ జాలిపడలేదు. గడియారం నాలుగు కొట్టింది. బయల్దేరేముందు కత్తెరమ్మ రిజిస్టరు దగ్గరికి లాక్కుంది. పదకొండేళ్లలో మొదటిసారిగా, తీయని పోస్టుకు కూడా నాలుగో గడి నింపింది.

"విచారణలో గుంట నిజమేనని తేలినందున తీయలేదు. సాక్షి: యజమాని గారి అమ్మగారు."