గెడ్డ వంతెన మీద జపాను సిపాయి

ఈదులపేట గెడ్డ మీద వంతెన పూర్తయిందని లోకానికి చాటిన మహానుభావులారా! శిలాఫలకాల శూరులారా! పూర్తయిన పనుల్లో మా వంతెన ఫొటో పెట్టి ఒకరి మెడలో ఒకరు దండలు వేసుకున్న ఇంజనీర్లారా, కాంట్రాక్టర్లారా, వాళ్ళ వెనక నిలబడి చప్పట్లు కొట్టిన పెద్దలారా! మీ అందర్నీ ఒకే ఒక్క ప్రశ్న అడుగుతున్నాను. ఆ వంతెన మీద జపాను సిపాయి ఎందుకున్నాడు?

ఫొటో మళ్ళీ తెరిచి చూడండి. ఎడమ వైపు, రెయిలింగు పక్కన, మోకాలి మీద కూర్చుని తుపాకి గురిపెట్టి ఉన్నాడు. నాకు బాగా తెలిసినవాడు. చొక్కాకి రంగు వేసింది నేను, మీసం దిద్దింది నేను. ఎత్తు నా బొటనవేలి గోరంత!

తెలియని వాళ్ళకి చెబుతాను. నేను పలాసలో బోర్డులు రాసేవాణ్ణి. ఫ్లెక్సీలు వచ్చాక బోర్డులు పోయాయి, సన్న బ్రష్షులు మిగిలాయి. పుట్టింది ఈదులపేటలో, సముద్రం మీద బతికే పేట. పేటకీ రోడ్డుకీ మధ్య గెడ్డ, సముద్రంలో కలిసే వాగు. ఆ గెడ్డ మీద వంతెన కోసం పెట్టిన సాధన సమితికి నేనే కార్యదర్శిని. అరుపులూ నావే, గోడ మీద రాతలూ నావే. ఆదివారం మాత్రం ధర్నాలకి సెలవు. ఆ రోజు యుద్ధం!

త్రినాథ్ బావకి జీడిపప్పు బట్టీ ఉంది. దాని మేడ మీద గదిలో ఒక పెద్ద బల్ల. కింద జీడిగింజలు వేగుతుంటాయి, పైన సామ్రాజ్యాలు కూలుతుంటాయి. ఊళ్ళో వాళ్ళు దీన్ని బొమ్మలాట అంటారు. మేము చారిత్రక యుద్ధక్రీడ అంటాం. వేలెడు లేని సైనికులకి రంగులు వేసి, బల్ల మీద మోహరించి యుద్ధం చేయిస్తాం. మా సైన్యం టేపుతో కొలుచుకుని నడుస్తుంది, పాచికలు పడ్డ ప్రకారం చస్తుంది. తగువు వస్తే తీర్పు చెప్పేది ఝాన్సీలక్ష్మి మేడం, టెక్కలి హైస్కూల్లో సోషలు టీచరు. ఆవిడ తీర్పు మీద అప్పీలు లేదు.

బల్ల మీద మా తీరాన్నే పరిచాం. ఇసుక ఈదులపేటదే. చీపురు పుల్లలకి ఆకుపచ్చ ఊలు చుట్టి కొబ్బరితోటలు పెంచాం. గెడ్డలో వార్నీషు పోసి నీళ్ళు నింపాం. 1942లో జపాను విమానాలు విశాఖ మీద బాంబులు వేసి వెళ్ళిపోయాయి. అలా పోకుండా, ఓడలు తెచ్చి మా రేవులో దిగి ఉంటే? అదీ ఆట! త్రినాథ్‌ది జపాను. నాది బ్రిటిషు వాడి పటాలం. సామ్రాజ్యవాదం తరఫున పోరాడవలసి వచ్చినందుకు ప్రతి ఆదివారం ఒక నిమిషం నిరసన తెలిపి, ఆ తర్వాతే కాల్పులు మొదలుపెడతాను.

అయితే యుద్ధం సాగదే! జపాను సైన్యం ఒడ్డుకి దిగుతుంది, తోటలు దాటుతుంది, గెడ్డ దగ్గర ఆగిపోతుంది. త్రినాథ్ నెత్తి కొట్టుకున్నాడు.

"ఇదేటి యుద్ధం బావా? సింగపూరు కొట్టీసినోణ్ణి, ఈదులపేట గెడ్డ దాటలేనేటి?"

"మావు పుట్టినకాడ్నించీ దాటలేకపోతన్నాం. నువ్వు మూడు వారాలకే ఏడిసేత్తే ఎలాగ?"

"ఒంతెనెట్టు."

మేడం కళ్ళజోడు సవరించుకున్నారు. "కుదరదు. చరిత్రలో లేనిది బల్ల మీద ఉండకూడదు. అప్పుడు ఆ గెడ్డ మీద వంతెన లేదు."

"ఇప్పుడూ నేదు గదండీ!" అన్నాను నేను.

"అయితే ఇప్పటి యుద్ధం ఆడినా పెట్టకూడదు."

"శాంక్షనైపోనాది మేడం," అన్నాడు త్రినాథ్. "శిలాఫలకం సూడండి. ఒకటి గాదు, ప్రెబుత్వం మారినప్పుడల్లా ఒకటి!"

మేడం పాచికలు పక్కన పెట్టారు. "నేను గవర్నమెంటు టీచర్ని. శాంక్షనైన దాన్ని లేదంటే నా ఉద్యోగం పోతుంది. పెట్టుకోండి."

ఇంకేం! సమాచార హక్కు కింద అర్జీ పెట్టి లాక్కొచ్చిన వంతెన డ్రాయింగు నా దగ్గర ఉండనే ఉంది. దాన్ని డెబ్భై రెండో వంతుకి తగ్గించి కట్టాను. స్తంభాలు, పలకలు, అగరుబత్తి పుల్లలతో రెయిలింగు, దాని మీద పసుపూ నలుపూ చారలు. పైన నిజం సిమెంటే పూశాను. ఆ ఆదివారం జపాను సైన్యం మొదటిసారి గెడ్డ దాటింది. ముందు దాటిన సిపాయిని త్రినాథ్ ఆనందం పట్టలేక గట్టి జిగురుతో వంతెనకి అంటించేశాడు. "ఈణ్ణి తీడానికి నేదు. ఈడు చరిత్ర!" అన్నాడు. నిజంగానే చరిత్ర అయ్యాడు!

మేడం వాళ్ళ స్కూల్లో ప్రదర్శన పెడితే బల్ల మొత్తం టెక్కలి తీసుకెళ్ళాం. మా వంతెన ఫైలు ఎవరి బల్ల కింద నిద్రపోతోందో, ఆ ఇంజనీరు గణపతిరావుగారు అతిథిగా వచ్చారు. వంతెన చూశారు. గొంతుక్కూర్చున్నారు. కళ్ళు తుడుచుకున్నారు.

"స్తంభాలన్నీ ఉన్నాయే!"

"డ్రాయింగులో ఉన్నన్ని పెట్టానండి."

"సిమెంటు?"

"వేశానండి."

"వేశావా!" ఆయన వేలితో తడిమి చూశారు. "నా సర్వీసులో డ్రాయింగు ప్రకారం కట్టిన వంతెన చూడటం ఇదే మొదటిసారయ్యా! ఒక్క రోజు ఇవ్వు. మా ఆఫీసులో చూపిస్తాను. ఇది చూశాకయినా మావాళ్ళలో కదలిక వస్తుంది."

పొగిడితే ఎవడు ఇవ్వడు? మిగతా సైన్యాన్ని తీసి వంతెన ఇచ్చాను. ఫొటో తీసే కిటుకు కూడా ఉచితంగా నేర్పాను. "పైనించి తీస్తే బొమ్మలా ఉంటుందండి. ఫోను నేలకి ఆనించి, సిపాయి కంటి ఎత్తులో తీయండి. అసలూ నకిలీ దేవుడికి కూడా తెలీదు!"

మర్నాడు పేట నుంచి కాసులమ్మత్త ఫోను.

"ఒరే అల్లుడా, ఒక బాబు గెడ్డ గట్టు మీద బోర్లా పడుకొని బుల్లి ఒంతెనకి ఫొటోలు తీత్తన్నాడ్రా. ఆడికి ఒంట్లో బాగున్నట్టు నేదు. మజ్జిగిమ్మంటావేటి?"

ఫొటో ఎక్కడ తీశారో ఈ రోజుల్లో ఫోనే చెప్పేస్తుంది కదా! అందుకని గణపతిరావుగారు వంతెనని మోటారుసైకిలు మీద గెడ్డ దాకా తీసుకెళ్ళారన్నమాట. నిజాయితీ అంటే అదీ! తిరిగొచ్చేసరికి నా వంతెనకి పసుపు, కుంకుమ, చిన్న దండ. కొబ్బరికాయ కూడా కొట్టినట్టున్నారు, ఒక స్తంభం తడిగా ఉంది.

వారం తిరక్కుండా కూడలిలో ఫ్లెక్సీ లేచింది. కాంట్రాక్టరూ, మా ప్రాంతం పెద్దమనిషీ అయిన రామూర్తిగారు వంతెన మీద నిలబడి నమస్కారం పెడుతున్నారు. కింద 'వంతెన ప్రదాత' అని అక్షరాలు. ఫ్లెక్సీ చేసినవాడు సిపాయిని చెరపడం మరిచిపోయాడు. తుపాకి సరిగ్గా ప్రదాతగారి పంచె వైపు గురిపెట్టి ఉంది.

నవ్వుకున్నాం. త్రినాథ్ అయితే బట్టీలో కింద పడి దొర్లాడు. వానలు మొదలయ్యేదాకా నవ్వుకున్నాం.

వానాకాలం గెడ్డ పొంగితే ఇంజనీరు ఆఫీసు వాళ్ళు పోలయ్య చేత పడవ నడిపించేవాళ్ళు. వంతెన వచ్చేదాకా తాత్కాలిక ఏర్పాటు అది. పేటలో బోట్లు లేవా అంటారేమో! అవి సముద్రం బోట్లు. గెడ్డ సముద్రంలో కలిసే మొగ ఇసుకతో పూడిపోయింది, గెడ్డలోకి రావు. మా కాసులమ్మత్తకి మంగళవారం, శుక్రవారం పలాసలో డయాలసిస్. ఇంటింటా కిడ్నీ జబ్బున్న ఉద్దానంలో ఈ మాట ఎవరికీ విడమరిచి చెప్పక్కర్లేదు. పడవ దాటితే ఆటో, ఆటో ఎక్కితే పలాస, పలాస చేరితే ఇంకో నాలుగు రోజులు ఊపిరి.

వంతెన పూర్తయింది కాబట్టి పడవని ట్రాక్టరు మీద వేసుకుపోయారు!

ఆ మంగళవారం అత్తని తెప్ప మీద కూర్చోబెట్టి కుర్రాళ్ళు ఈదుకుంటూ నెట్టారు. శుక్రవారం నీళ్ళు ఇంకా పెరిగాయి. తెప్ప వేయడానికి ధైర్యం చాల్లేదు. అత్త ఇంట్లోనే ఉండిపోయింది. శనివారానికి ముఖం ఉబ్బిపోయింది.

సోమవారం అర్జీల రోజు. ఆఫీసులో గుమాస్తా దగ్గరికి పరుగెత్తాను.

"పడవెందుకయ్యా? మీకు వంతెనుందిగా. డబుల్ ఫెసిలిటీ ఇవ్వలేం," అని కంప్యూటరు నా వైపు తిప్పాడు. పూర్తయిన పనుల పట్టికలో, గెడ్డ మీద నా బుల్లి వంతెన ఫొటో!

"అందులో కూర్చున్నోడెవడండీ?"

"లేబరు."

"చేతిలో తుపాకుంది."

"గునపం."

"నెత్తి మీద ఇనప టోపీ?"

"సేఫ్టీ! మా పనుల్లో సేఫ్టీ విషయంలో రాజీ లేదు."

"మెడ మీద గుడ్డ వేలాడుతోంది. జపాను వాళ్ళ టోపీకి ఉంటుందది!"

"ఎండకి కట్టుకున్నాడు. నీకు కూలోళ్ళ కష్టం తెలీదా? ఉద్యమకారుడివి, సిగ్గులేదూ?"

నాకు నిజంగానే సిగ్గేసింది. కాసేపు వాడు లేబరేనేమో అనుకున్నాను.

అప్పుడు తలుపు దగ్గర గొంతు వినిపించింది. కాసులమ్మత్త! నీళ్ళు కాస్త తీశాయట, తెప్ప మీద దాటి తడి చీరతోనే వచ్చేసింది. వెనక త్రినాథ్, చంకలో వంతెన. లోపల హాల్లో పైనుంచి వచ్చిన పెద్దాఫీసరు అర్జీలు తీసుకుంటున్నారు. పక్కన గణపతిరావుగారు. ముందు వరసలో రామూర్తిగారు. తిన్నగా లోపలికి నడిచాం.

పెద్దాఫీసరు అర్జీ చదివి, ఫైలు చూసి, మృదువుగా అన్నారు: "అమ్మా, వంతెన ఉందట కదా. దాటి రావచ్చు కదా?"

"దాటమంతారేటి బాబూ?"

"దాటమ్మా. నీ కోసమే కట్టింది."

"అల్లుడా, ఒంతెనెట్రా."

త్రినాథ్ వంతెనని గచ్చు మీద పెట్టాడు. గణపతిరావుగారు లేచి నిలబడ్డారు. అత్త కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుంది, సముద్రం వైపు తిరిగి దండం పెట్టుకుంది, వాచిన పాదం ఎత్తి వంతెన మీద వేసింది.

ఫటఫటఫట!

రామూర్తిగారు కుర్చీ తన్నేసి లేచారు. "ఒలే! గెవర్నమెంటు ఒంతెన ఇరగ్గొట్టీసినావేటే! ఎంతెట్టి కట్టినాననుకున్నావు? నీ మీద కేసెట్టీగల్ను!"

గణపతిరావుగారు ఆయన నోరు మూయబోయి, ఆలస్యమైందని తెలిసి, తన నోరే మూసుకున్నారు.

"రామూర్తిగారూ," అన్నారు పెద్దాఫీసరు, "మీరు కట్టిన వంతెన ఇదా?"

విరిగిన ముక్కతో సహా సిపాయి దొర్లుకుంటూ వెళ్ళి పెద్దాఫీసరు బూటు దగ్గర ఆగాడు. తుపాకి ఆయన వైపే. ఆయన వంగి రెండు వేళ్ళతో ఎత్తారు. "ఎవరిది?"

గుమాస్తా నోటికి అలవాటైన మాట వచ్చేసింది. "లేబరండి!"

హాలు హాలంతా పగలబడి నవ్వింది. అత్త మాత్రం నవ్వలేదు. "ఒంతెన పోనాది గదా బాబూ, నా పడవ నాకిచ్చీండి. రేపు మంగళారం," అంది.

న్యాయం జరిగిందనుకుంటున్నారా? పిచ్చివాళ్ళారా! సాయంత్రానికి కమిటీ వేశారు. వంతెన చిన్నదా, ప్రజలు పెద్దవాళ్ళా అని విచారించి నివేదిక ఇవ్వడానికి! వంతెన కూలిందని కమిటీ తేల్చేదాకా పడవ ఇవ్వరట. తేల్చాక మరమ్మతుకి టెండరట. మరమ్మతు అయ్యాక పడవ అవసరమే ఉండదట. టెండరు వేయడానికి రామూర్తిగారు అప్పుడే చొక్కా మార్చుకుని వచ్చారు.

చీకటి పడకముందే గణపతిరావుగారు నా కొట్టుకి వచ్చారు. చేతిలో జిగురు డబ్బా.

"బాబ్బాబు, నీ కాళ్ళు పట్టుకుంటా. కమిటీ వాళ్ళు రేపే చూడటానికి వస్తారట. గబుక్కున అతికించి పెట్టు. కావాలంటే ఈసారి రెండు లైన్ల వంతెన కట్టు, శాంక్షను చేయిస్తా!"

అతికించను! ఇదే నా బహిరంగ ప్రకటన. వంతెన ముక్కలు త్రినాథ్ బల్ల మీద ఉన్నాయి. ప్రస్తుతం అవి జపాను సైన్యం స్వాధీనంలో ఉన్నాయి, దమ్ముంటే పాచికలు తెచ్చుకుని రండి.

మా డిమాండు ఒక్కటే. డ్రాయింగు మీదే, కొలతలు మీవే. నేను డెబ్భై రెండో వంతుకి తగ్గించాను, మీరు డెబ్భై రెండు పెట్టి హెచ్చవేసి కట్టండి. ఆ లెక్క మీకు రాకపోతే ఝాన్సీలక్ష్మి మేడం పిల్లల్ని పంపిస్తారు. కట్టి, ముందు రామూర్తిగారిని దాని మీద నడిపించండి. ఇవన్నీ తర్వాత.

ముందు ఆ పడవని ట్రాక్టరు మీద తిరిగి పంపండి. తెల్లారేసరికి పోలయ్య గెడ్డలో ఉండాలి. రేపు మంగళవారం. మా అత్త పలాస వెళ్ళాలి.