చక్రముని మొక్కకు కోత అనుమతి

“రేపు ఎవరన్న వచ్చి, గీ చెట్టు ఎవరినడిగి పెట్టిన్రమ్మా అంటె మనమేం చెప్పాలె?” అన్నది గిరిజమ్మ. అప్పటికి ఎవరూ రాలేదు. వచ్చే ఉద్దేశం కూడా ఎవరికీ లేదు.

లోకంలోని సకల కార్యాలయాలూ ఇలాంటి ప్రశ్నలోంచే పుట్టాయి. ఎవరైనా అడుగుతారేమోనని భయపడే మనిషి ఒక్కరు దొరికితే చాలు, అడిగేవాళ్లను ప్రభుత్వం నియమించుకుంటుంది.

సంగతేమిటంటే, గిరిజమ్మ కూతురు నేత్రకు ఒంట్లో రక్తం తక్కువ. మెట్లెక్కితే కళ్లు తిరుగుతున్నాయి. రోజూ ఆకుకూర తినాలని, కొన్నాళ్లకు మళ్లీ పరీక్ష చేస్తానని డాక్టరమ్మ చెప్పింది. రాయచూరు ఎండల్లో పాలకూర మొలకలోనే మాడిపోతుంది. బజారులో కొన్న మెంతికూర కట్ట ఇంటికి చేరేసరికి గడ్డి అవుతుంది. అందుకని లింగసుగూరులోని స్నేహితురాలి ఇంటి నుంచి నేత్ర చక్రముని అనే ఆకుకూర చెట్టు కొమ్మ ఒకటి తెచ్చి పెరట్లో గుచ్చింది. ఒకసారి నాటుకుంటే ఏళ్ల తరబడి ఉంటుంది. కోసినకొద్దీ చిగురిస్తుంది. పప్పులో కమ్మగా ఉంటుంది. ఎండకు భయపడదు. (ఆ ఇంట్లో దేనికీ భయపడనిది అదొక్కటే.)

పుంటికూరకు, గంగవాయిలకూరకు గిరిజమ్మ ఎవరినీ అడగలేదు. అవి అమ్మమ్మల నాటి నుంచి తెలిసిన ఆకులు. ఇది కొత్త ఆకు. తిన్నాక ఏమైనా అయితే? తినకముందే ఏమైనా అయితే? భర్త బసవలింగప్ప వద్దంటున్నా వినకుండా, ఎందుకైనా మంచిదని ఒక రెమ్మను కొంగున కట్టుకుని ఆఫీసుకు వెళ్లింది.

బహువార్షిక పత్రశాక పరిశీలన, పర్యవేక్షణ, పునఃపరిశీలన విభాగం (మూడో అంతస్తు, లిఫ్టు ఎదురుగా, లిఫ్టు లేదు) పని లేక ఎంతో కాలంగా కుమిలిపోతోంది. ఆమెను చూడగానే గుమాస్తా లేచి నిలబడ్డాడు. పంట ఎప్పుడు అయిపోతుందని ఆప్యాయంగా అడిగాడు.

“అయిపోదయ్యా. కోస్తుంటె వస్తనే ఉంటది.”

గుమాస్తా కూర్చుండిపోయాడు. అయిపోనిదాన్ని పంట అనడానికి నిబంధనలు ఒప్పుకోవు. పంట కానిది చెట్టు. చెట్టును నరకాలంటే అనుమతి కావాలి. ఆకు కోయడమంటే చెట్టును కొంచెం కొంచెంగా నరకడమే. (ఆ ఆకును పప్పులో వేయడం సాక్ష్యాలను మాయం చేయడం కిందికి వస్తుందా అన్నది ఇంకా పరిశీలనలో ఉంది.)

అనుమతికి యాప్ ఉంది. అది మొక్క ఫోటో అడిగింది. పెడితే, ముఖం స్పష్టంగా లేదని తిప్పికొట్టింది. ఎదుటి నుంచి తీశారు, పక్క నుంచి తీశారు. నేత్ర ఆకుల మీది దుమ్ము కడిగింది. గిరిజమ్మ కాండానికి కుంకుమ పెట్టింది. యాప్ కళ్లు తెరవమంది. చివరికి, పక్కింట్లో బట్టలారేస్తున్న జయాబాయి ఏమవుతోందోనని గోడ మీదుగా మొక్క వెనక నుంచి తొంగిచూసింది. ఆ క్షణాన ఫోటో పడింది. వెంటనే పచ్చ టిక్కు వచ్చింది. మొక్క నమోదైంది. పేరు చక్రముని, స్త్రీ, వయసు సుమారు అరవై అయిదు.

సాయంత్రానికల్లా మొక్కకు ఉచిత బస్సు ప్రయాణం మంజూరైంది. మర్నాడు కంటి పరీక్ష శిబిరానికి రమ్మని మెసేజ్ వచ్చింది.

“నా మొహం పెట్టి చెట్టుకు టికెట్టా?” అని జయాబాయి నిలదీసింది. “రేపు నేను ఎక్కితె, చెట్టు ఆల్రెడీ పోయిందని నన్ను దింపేస్తరా?”

నేత్ర నవ్వీ నవ్వీ గోడ పట్టుకుని కూలబడింది. (సగం నవ్వుకు, సగం కళ్లు తిరిగి.) గిరిజమ్మకు నవ్వు రాలేదు. శిబిరానికి పోకపోతే మొక్క పేరు కొట్టేస్తారేమోనని ఆమె ఫికరు. కోత అనుమతిని మాత్రం విభాగం తిరస్కరించింది. వృద్ధ మహిళ చేతులు విరవడానికి ఏ చట్టమూ ఒప్పుకోదట.

అప్పీలు పెట్టుకున్నారు. సహాయక ఉప ఆకు పరిశీలకుడు సూగురేశ్ స్వయంగా విచ్చేశాడు. మొక్క చుట్టూ ప్రదక్షిణంగా తిరిగి ఎర్ర టేపు కట్టాడు. ఆకు తినదగినదని తేలేదాకా ఇంటివాళ్లెవరూ ముట్టకూడదన్నాడు. తేలాలంటే నమూనా కావాలి. నిబంధనల ప్రకారం నమూనా అంటే పరిశీలకుడి కుటుంబానికి ఒక పూటకు సరిపడా. (ఆయనది ఉమ్మడి కుటుంబం.) సంచి నిండా కోసుకుని, పరీక్షకు అవసరమైన ఇతర పదార్థాల కింద గుప్పెడు కందిపప్పు, ఎండుమిరపకాయలు, ఒక వెల్లుల్లిగడ్డ అడిగి తీసుకున్నాడు. వెల్లుల్లి గిరిజమ్మే ఒలిచి ఇచ్చింది. పొట్టుతో ఇస్తే అర్జీ ఆగిపోతుందేమోనని.

“నువ్వు పోయి అడగకుంటె వాళ్లకెట్ల తెలుస్తుండె?” అన్నాడు బసవలింగప్ప. ఆమెకు అది వినే తీరిక లేదు. ఆకు విషమై సారుకేమైనా అయితే, ఆ కేసు ఎవరి మీదికొస్తుంది? వెంటనే ఆయనకు ఫోన్ చేసింది.

“కడుపుల ఎట్లుంది సారూ?”

బాగుందన్నాడు. నమ్మకం కుదరక మర్నాడు పొద్దున మళ్లీ చేసింది. అర్జీదారు విచారణకు పూర్తిగా సహకరిస్తున్నారని ఆయన ఫైల్లో రాసుకున్నాడు.

ఆ తర్వాత మొక్క తన ధర్మం తప్పలేదు, కోసిన చోటల్లా చిగురించింది. ఆయనా తన ధర్మం తప్పలేదు, చిగురించినప్పుడల్లా వచ్చాడు. ఫలితం సంతృప్తికరమే కానీ అది పప్పులో వేసినప్పటి ఫలితం. జొన్నరొట్టెలోకి పల్యగా, అంటే పొడికూరగా వండితే ఏమవుతుందో చూడాలన్నాడు. చూశాక, రెండో అభిప్రాయం కోసం ఒక సంచి అత్తగారింటికి పంపించాడు. అక్కడ ఏకాభిప్రాయం కుదిరింది. సూగురేశ్ బుగ్గలు నిగనిగలాడసాగాయి. మూడో అంతస్తుకు మెట్లు రెండేసి చొప్పున ఎక్కుతున్నాడని గుమాస్తా గర్వంగా చెప్పుకున్నాడు.

ఇక్కడ నేత్రకు మళ్లీ రక్త పరీక్ష జరిగింది. ఉన్నది ఇంకాస్త తగ్గింది. ఇట్లాగే ఉంటే పెద్దాసుపత్రిలో చేర్చాలని డాక్టరమ్మ అన్నది.

ఆ మాట విన్న రోజు గిరిజమ్మలో భయం ఎంత పెద్దదైందంటే, ఆఫీసు భయం దాంట్లో ఎక్కడో పడి కనబడకుండా పోయింది. సూగురేశ్ సంచితో రాగానే ఆమె వెల్లుల్లి ఒలవలేదు. పోయి ఆయనకూ మొక్కకూ మధ్యన నిలబడింది.

“సారూ, ఒక్కటే మాట చెప్పుండ్రి. నా బిడ్డ గీ ఆకు తినొచ్చునా, తినొద్దా?”

సూగురేశ్ మొక్కను చూశాడు. గోడకు ఆనుకుని నిలబడ్డ నేత్రను చూశాడు. యాప్ తెరిచి, మూశాడు. జయాబాయి తడి చీరను తీగ మీద సగం వేసి ఆగిపోయింది. వీధిలో ఆటో ఒకటి వచ్చి, ఎవరినో దింపి, వెనక్కి తిప్పుకుని వెళ్లిపోయింది. గిరిజమ్మ కదల్లేదు. సంచి మడతలు విప్పుకుంటూ ఆయన అన్నాడు.

“తినొచ్చమ్మా, ఆకుల ఏం దోషం లేదు. మా ఇంట్ల అందరికి రక్తం పట్టింది. కాని మీరు గూడ తిన్నరంటె, మాకు శాంపిల్ చాలదు గద.”