దుర్యోధనుడి తొడ మీద మండలివారి తీర్పు

కురుక్షేత్రంలో పద్దెనిమిది అక్షౌహిణుల సైన్యం ఎవరి అనుమతీ తీసుకోకుండా చచ్చిపోయింది. అంతమంది వీరుల్లో పద్ధతి ప్రకారం పోయినవాడు భీష్ముడొక్కడే. (ఆయన ఉత్తరాయణం దాకా ఓపిగ్గా పడుకుని వేచి ఉన్నాడు. ఆఫీసుల చుట్టూ తిరిగిన అనుభవం ఉన్నవాడిలా కనిపిస్తాడు.) మిగతావాళ్ళంతా ఎవరికి తోచినట్టు వాళ్ళు పోయారు. తిరునాళ్ళ నియంత్రణ మండలి అప్పటికింకా ఏర్పడలేదు గనుక ఇలాంటి అరాచకం జరిగిందని మనం సరిపెట్టుకోవాలి.

ఇప్పుడు ఆ లోటు లేదు. మా చిత్తూరు జిల్లాలో ఎండలు ముదిరాయంటే ధర్మరాజుల గుళ్ళ దగ్గర భారతం తిరునాళ్ళు మొదలవుతాయి. పగలు హరికథ, రాత్రి వీధినాటకం. ఆఖరిరోజు పొద్దున బయట మైదానంలో మట్టితో చేసిన కొండంత దుర్యోధనుణ్ణి వెల్లకిలా పడుకోబెడతారు. దాని మీదికెక్కి భీముడి వేషమూ దుర్యోధనుడి వేషమూ తరుముకుంటాయి. చివరికి భీముడు మట్టి తొడను గదతో బాదుతాడు. లోపల దాచిన కుండ పగిలి ఎర్రనీళ్ళు కారతాయి. ద్రౌపది జుట్టు ముడేసుకుంటుంది. జనం దండం పెట్టుకుని ఇళ్ళకు పోతారు. ఇంత పెద్ద హత్య ఏటేటా ఏ పర్యవేక్షణా లేకుండా జరిగిపోతోందని తెలిసి మండలివారు నిర్ఘాంతపోయారు. వెంటనే ప్రతి తిరునాళ్ళకూ ఒక నిర్వహణాధికారిని వేశారు. భారతంలోని పాత్రలను చచ్చేవారు, చావనివారు, ఎటూ తేలనివారు అని విడగొట్టారు. (ఎటూ తేలనివారిలో అశ్వత్థామ ఒక్కడే ఉన్నాడు. ఆయన పదవీ విరమణ వయసు మీద ఉపసంఘం కూర్చుంది.)

ఇక అసలు విషయం. పుత్తూరు దగ్గర ఒక ఊరు. పేరు రాయను, రాస్తే ఫైలు మళ్ళీ తెరుస్తారు. ఆ ఊళ్ళో మునిరామయ్య అని బెల్లం గానుగ దగ్గర కూలి చేసుకునే మనిషి. ఏడాదంతా కూలి, తిరునాళ్ళప్పుడు మాత్రం హస్తినాపురం మహారాజు. అతని మీదికి గద ఎత్తే భీముడు, బస్టాండు దగ్గర టీ అంగడి నడిపే ధనంజయ. పోయిన ఏడు, అంటే డెబ్బై తొమ్మిదిలో, ముందురోజు వాన పడి మట్టి దుర్యోధనుడు నానిపోయి ఉన్నాడు. తరుముకుంటూ తరుముకుంటూ మునిరామయ్య జారి మట్టి తొడ మీదే పడ్డాడు. ధనంజయ గద అప్పటికే గాల్లో ఉంది. అది కొయ్యగద. దిగాల్సిన చోటే దిగింది, కాకపోతే మధ్యలో మునిరామయ్య తొడ ఉంది.

ఆ చప్పుడు జనానికి బాగా నచ్చింది. చప్పట్లు కొట్టారు. "ఒరే అబ్బా, నిజంగానే ఇరిగిందిరా!" అని మునిరామయ్య అరుస్తుంటే, ఈ ఏడాది మాటలు కొత్తగా రాసినారే అని మెచ్చుకున్నారు. విషయం ముందుగా అర్థమైనవాడు భీముడే. గద పారేసి, ఏడ్చుకుంటూ, దుర్యోధనుణ్ణి ఎద్దులబండిలో వేసుకుని పుత్తూరు తీసుకుపోయాడు. అక్కడి నాటువైద్యులు ఎముక సరిచేసి, వెదురుబద్దలు పెట్టి కట్టు కట్టారు. (అసలు దుర్యోధనుణ్ణి కూడా ఎవరైనా ఇలా బండెక్కించి ఉంటే వ్యాసుడికి చాలా శ్రమ తప్పేది.) కట్టు విప్పేదాకా కాలు కింద పెట్టొద్దన్నారు.

కట్టు కట్టుకున్న మనిషికి ఆకలి ఆగదు. ఇంట్లోవాళ్ళకూ ఆగదు. అతని భార్య నాగరత్నమ్మ, ఊళ్ళో అర్జీలు రాసిపెట్టే నాచేత ఒకటి రాయించుకుని, నన్ను వెంటబెట్టుకుని నిర్వహణాధికారి దామోదరంగారి దగ్గరికి వెళ్ళింది. ఆమె అడిగింది ఒక్కటే.

"సారూ, గుడి పనిలోనే గదా ఆయన పడిపోయినాడు. గుళ్ళో దినామూ వండతా ఉండారు. కట్టు ఇప్పేదాకా పూటకింత పెసాదం పెట్టించండి సారూ. నేను కూలికి పోతే ఆయన్ని సూసేవాళ్ళు లేరు. పిల్లోళ్ళు ముగ్గురుండారు."

దామోదరంగారు మర్యాదస్తులు. ఆమెను కూర్చోమన్నారు కూడా.

"ప్రమాదమైతే ఇవ్వచ్చమ్మా, నియమం ఉంది. కానీ ప్రమాదమంటే ఏమిటి? జరగకూడనిది జరగడం. దుర్యోధనుడి తొడ విరగడం జరగాల్సిందే కదా?"

"ఇరగాల్సింది మట్టి దుర్యోధనుడికి సారూ. మా ఆయనకి కాదు."

"వేషం కట్టాక ఆ తేడా మండలి గుర్తించదమ్మా. అదే చెయ్యి విరిగి ఉంటే, మారుమాట లేకుండా ఇచ్చేవాణ్ణి."

"అయితే ఇప్పుడు పోయి చెయ్యి ఇరగ్గొట్టుకోమందునా?"

"ఇప్పుడు వేషంలో లేడు కదమ్మా," అన్నారు దామోదరంగారు, నిజంగానే బాధపడుతూ.

అయినా న్యాయం జరగాలని ఆయన విచారణ మొదలుపెట్టారు. కొట్టినవాడి పేరు ధనంజయ అని చూసి, భీముడి పనిలో అర్జునుడు ఎందుకు జోక్యం చేసుకున్నాడో సంజాయిషీ ఇవ్వమన్నారు. ధనంజయ టీ అంగడి మూసుకుని పరిగెత్తుకొచ్చాడు.

"నేను అర్జునుణ్ణి కాదు సార్. మా నాయన పెట్టిన పేరు సార్ అది."

తండ్రి పేరు దగ్గర పాండురాజు అని రాయాలా, ఇంద్రుడు అని రాయాలా అని గుమాస్తా అడిగాడు. "సుబ్బన్న అని రాయండి సార్," అన్నాడు ధనంజయ. పితృత్వం విషయంలో మూడో వాదన కూడా ఉందని గుమాస్తా నమోదు చేసుకున్నాడు.

ఆ తర్వాత చిక్కు ఇంకా పెద్దది. గదాయుద్ధంలో నాభికి కింద కొట్టకూడదు. (దీని మీద బలరాముడు ఆనాడే అభ్యంతరం లేవదీశాడు. ఆయన అభ్యంతరానికి ఇప్పటిదాకా జవాబు వెళ్ళలేదు.) మరి భీముడు ఎందుకు కొట్టాడు? కృష్ణుడు సైగ చేశాడు గనుక. అంటే బాధ్యత కృష్ణుడిది. కృష్ణుడు దేవుడు. దేవుడు చట్టం దృష్టిలో ఎప్పటికీ మైనరు, యుగాలు గడిచినా మేజరు కాడు. మైనరు చేసిన పనికి సంరక్షకుడు జవాబు చెప్పాలి. గుడి దేవుడికి సంరక్షకుడు నిర్వహణాధికారి. కాబట్టి దామోదరంగారు దామోదరంగారికి నోటీసు పంపారు. దామోదరంగారు తనకు ఏ సైగా చేసిన గుర్తు లేదని జవాబిచ్చారు. ఆ జవాబు సంతృప్తికరంగా ఉందని దామోదరంగారు సంతకం పెట్టారు.

ఇదంతా జరుగుతున్నన్నాళ్ళూ మునిరామయ్య పిల్లలు వాళ్ళింట్లో ఒకపూట, వీళ్ళింట్లో ఒకపూట సంగటి తిని పడుకున్నారు. పెట్టేవాళ్ళూ కూలివాళ్ళే, ఎన్నాళ్ళు పెడతారు? నాగరత్నమ్మ వారం వారం ఆఫీసు గడప దగ్గరికి వచ్చి నిలబడేది. గుడి వంటశాల ఆ గడపకు ఎదురుగానే ఉంది. అన్నం ఉడికే వాసన ఆఫీసులోకి తెలిసేది.

చివరికి మండలి నుంచి ఉత్తర్వు వచ్చింది. దామోదరంగారు దాన్ని మాకు నిదానంగా చదివి వినిపించారు. తొడ విరిగిన దుర్యోధనుడు మర్నాడు తెల్లవారేసరికి మరణించినట్టు భారతంలో స్పష్టంగా ఉంది. అర్జీ ఆ తర్వాత వచ్చింది. చనిపోయినవారికి ప్రసాదం ఇచ్చే నియమం లేదు. అయితే అర్జీదారు దీనస్థితిని సానుభూతితో పరిశీలించి, మృతుడి పేరున రోజుకు మూడు పిండాలు మంజూరు చేయడమైనది.

నాగరత్నమ్మ వంటశాల వైపు చూసింది.

"పిండమంటే అన్నమే గదా సారూ?"

"అన్నమేనమ్మా."

"ఆయన ఇంట్లో పండుకోనుండాడు సారూ. పొద్దున గూడా నాతో మాట్లాడినాడు."

"దానికి మండలికి అభ్యంతరం లేదమ్మా," అన్నారు దామోదరంగారు.

ఆమె పిండాలు కొంగులో వేసుకుంది. బతికున్న మొగుడి పిండాన్ని మోసుకుపోయింది. ఇంటికి పోయి నువ్వులు ఒక్కొక్కటే ఏరేసి, ముద్దలు చిదిపి, ఉప్పు కలిపి పిల్లలకు పెట్టింది. మునిరామయ్య గోడవైపు మొహం తిప్పుకుని పడుకున్నాడు. మర్నాడూ అంతే, ఆ మర్నాడూ అంతే.

వారం తిరక్కుండానే తనిఖీవారు వచ్చారు. పిండాలు కాకులకు పెట్టకుండా మనుషులే తినేస్తున్నారని తేల్చారు. ఈసారి మండలి ఆ రోజే అత్యవసరంగా సమావేశమై, సాయంత్రానికల్లా పిండాలు నిలిపివేసింది. గుమాస్తాను బతిమాలి ఆ ఫైలు నేను మొదటినుంచి చివరిదాకా తిరగేశాను. నేను రాసిన అర్జీని గుమాస్తా తన మాటల్లో కుదించి పెట్టాడు గనుక, ఫైలు మొత్తంలో ఆకలి అనే మాట ఒక్కచోటే ఉంది. అది కాకులది.